పుట్టింటికొచ్చిన సొర

బతికున్న సొరచేప ఖరీదు 19 లక్షల డాలర్లు. చచ్చిన సొరచేప ఖరీదు 108 డాలర్లు.

పసిఫిక్ మహాసముద్రంలో పలావ్ అని ఒక చిన్న దేశం ఉంది. అక్కడి పగడపు దిబ్బల దగ్గర తిరిగే ఒక్కో సొర, తన జీవితకాలంలో డైవింగుకి వచ్చే టూరిస్టుల వల్ల ఆ దేశానికి ఎంత సంపాదించి పెడుతుందో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కకట్టి 2011లో బయటపెట్టారు. మొదటి అంకె అదే. ఆ సొరనే పట్టి అమ్మితే ఒకే ఒక్కసారి వచ్చే డబ్బు రెండోది. సొరచేపల సంరక్షణ గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి వెనకున్న వాదం కూడా సులువుగా ఒంటబడుతుంది: చంపితే ఒక పూట కూడు, చూపిస్తే జీవితాంతం జీతం. ఇక చంపేదెవరు?

పుట్టపర్తి వాడికి సొరచేపల గొడవేమిటని అడగొచ్చు. ఇక్కణ్ణుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రి బస్సు ప్రయాణం. మా చిత్రావతిలో నీళ్ళు కనపడటమే ఒక వార్త. కానీ ఈ వాదంలో అసలు విషయం సొర కాదు, చూడటానికి వచ్చినవాళ్ళ డబ్బు. బయటి నుంచి వచ్చే మనుషుల డబ్బు ఒక ఊరిని ఏం చేస్తుంది, ఎవరి చేతికి అందుతుంది, వాళ్ళు రావడం మానేస్తే ఏం మిగులుతుంది అన్న ప్రశ్నలు పుట్టపర్తిలో పుట్టి పెరిగినవాళ్ళకి కొత్త కాదు. పైగా, చూడటానికి జనం వచ్చే వన్యప్రాణులు మా జిల్లాలోనూ ఉన్నాయి. వాటి కథ ఈ సొరల కథకి చాలా దగ్గర బంధువు.

ఇలాంటి ప్రతి కథలోనూ ముగ్గురు ఉంటారు. చూసేవాడు, చూపించేవాడు, మానుకునేవాడు. డబ్బు లెక్కల్లో మొదటి ఇద్దరే ఎక్కువగా కనిపిస్తారు. జంతువుని నిజంగా కాపాడేది మాత్రం మూడోవాడు. వల వెయ్యకుండా, వేసిన వల కోసేసి, చెట్టు కొట్టకుండా, కాయలు దులపకుండా మానుకునే మనిషి. ఏ టూరిజం సంరక్షణకి పనికొచ్చిందో, ఏది వ్యాపారంగానే మిగిలిపోయిందో తెలియాలంటే ఈ మూడోవాడి చేతిలో ఏం పడిందో చూడాలి.

బోనులోంచి చూపు

సొరని చూడటానికి మనుషులు డబ్బు కట్టడం ఈమధ్య మొదలైన సంగతే. 1963లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాడ్నీ ఫాక్స్ అనే కుర్రాడు నీళ్ళలో మునిగి ఈటెతో చేపలు పొడిచే పోటీల్లో ఉండగా గ్రేట్ వైట్ సొర ఒకటి అతన్ని పట్టుకుంది. ఒళ్ళు చీలిపోయి, వందల కుట్లు పడి, బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత అతను చేసిన పని మాత్రం ఎవరూ ఊహించనిది. జూలో సింహాల బోను చూసి వచ్చిన ఆలోచనతో ఇనప బోను కట్టించి, అందులో నిలబడి సొరని దగ్గర్నుంచి చూసే యాత్రలు మొదలుపెట్టాడు. జూలో జంతువు బోనులో ఉంటుంది. ఇక్కడ మనిషే బోనులోకి వెళ్ళాడు.

ఆ తర్వాత పదేళ్ళకి పీటర్ బెంచ్లీ నవల, 1975లో దాని మీద స్పీల్‌బర్గ్ తీసిన జాస్ సినిమా వచ్చాయి. సొర అంటే ప్రపంచమంతా హడలిపోయింది. సినిమాలో వాడిన నిజమైన సొరల దృశ్యాల్లో కొన్ని తీసింది రాడ్నీ ఫాక్స్ వాళ్ళు తిరిగిన ఆ దక్షిణ ఆస్ట్రేలియా నీళ్ళలోనే. బెంచ్లీ తర్వాతి జీవితమంతా సొరల తరఫున మాట్లాడటానికే ఇచ్చాడు. తను రాసిన భయాన్ని తనే తుడవాలని 2006లో చనిపోయేదాకా ప్రయత్నించాడు.

ఈలోగా సముద్రంలో లెక్కలు మారిపోయాయి. సొర రెక్కల సూప్‌కి చైనాలో గిరాకీ పెరగడంతో, ప్రపంచంలోని అన్ని తీరాల్లోనూ రెక్కలు కోసి మిగతా చేపని సముద్రంలోకి విసిరేయడం వ్యాపారమైంది. సొరలు మిగతా చేపల్లాగా లక్షల గుడ్లు పెట్టవు. చాలా జాతులు పెద్దవవడానికే ఏళ్ళు తీసుకుంటాయి, కాన్పుకి కొన్ని పిల్లల్నే కంటాయి. పోయినంత వేగంగా పుట్టలేవు. 1970 నుంచి చూస్తే నడిసముద్రపు సొరలు, టేకు చేపలు 71 శాతం తగ్గిపోయాయని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది.

బతికున్న సొరకే ఎక్కువ విలువ అన్న వాదం పుట్టింది ఈ నేపథ్యంలోనే. 2009లో పలావ్ తన సముద్ర జలాలన్నిటినీ సొరల అభయారణ్యంగా ప్రకటించింది. 2010లో మాల్దీవులు, 2011లో బహామాస్ దాదాపు అదే దారి పట్టాయి. మూడూ డైవింగ్ టూరిజం మీద బతికే దేశాలే.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడాలి. పలావ్ అభయారణ్యం 2009. 19 లక్షల డాలర్ల లెక్క 2011. లెక్క చూసి నిర్ణయం తీసుకోలేదు, నిర్ణయం అయ్యాక దానికి లెక్క దొరికింది. ఆ లెక్క కూడా ఒకసారి విప్పి చూడాలి. డైవింగ్ చోట్ల తిరిగే ఒక వంద సొరలు ఏటా 1.8 కోట్ల డాలర్లు తెస్తున్నాయని తేల్చి, దాన్ని ఆ వంద సొరలకీ పంచి, వాటి ఆయుష్షుతో కలిపితే వచ్చిన సగటు అది. మా సాఫ్ట్‌వేర్ పనిలో సగటు అంకెని ఎవరూ పూర్తిగా నమ్మరు. అది చెప్పేదానికన్నా దాచేది ఎక్కువ. వంద సొరలున్న చోటికి నూటొకటో సొర వస్తే పలావ్ ఆదాయం ఇంకో 19 లక్షలు పెరగదు. టూరిస్టులు వెళ్ళని చోట తిరిగే సొరకి ఈ లెక్కలో విలువ సున్నా. దాన్ని పట్టే జాలరికి మాత్రం 108 డాలర్లు గట్టిగానే వస్తాయి. పైగా ఆ 19 లక్షలు అతని జేబులోకి రావు. హోటలు, విమానం, డైవింగ్ కంపెనీ, ప్రభుత్వం పంచుకుంటాయి. అతనికి దక్కేది, అతను వదులుకున్న 108 మాత్రమే.

ఫిజీ: మనవాళ్ళు చెరుకు కొట్టిన తీరం

ఈ చిక్కుని గుర్తించి దారి వెతికిన చోటు ఫిజీ. తెలుగువాళ్ళకి ఫిజీ పరాయి దేశమేమీ కాదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కి గిర్మిట్ కూలీలుగా అక్కడి చెరుకు తోటలకి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పేరుతో అక్కడ తెలుగువాళ్ళ సంస్థ కూడా ఏర్పడింది. వాళ్ళు పనిచేసిన పెద్ద దీవి విటి లెవు దక్షిణ తీరంలో నవువా అనే చోట ఒకప్పుడు చక్కెర మిల్లు ఉండేది. ఆ మిల్లు మూతపడి వందేళ్ళయింది. ఇప్పుడు ఆ పక్కనున్న పసిఫిక్ హార్బర్ నుంచి రోజూ పడవలు బయల్దేరేది సొరల్ని చూడటానికి.

ఎదురుగా బెంగా దీవి. ఆ జలసంధిలో షార్క్ రీఫ్ అనే దిబ్బ ఉంది. ఫిజీలో తీరపు నీళ్ళ మీద చేపల వేట హక్కు స్థానిక ఫిజీయన్ తెగలది. ఏ దిబ్బ ఏ ఊరిదో తరతరాలుగా అందరికీ తెలుసు. 2004లో ఆ ఊళ్ళవాళ్ళు, ఒక డైవింగ్ కంపెనీ ఒప్పందానికొచ్చారు. షార్క్ రీఫ్ మీద ఊరివాళ్ళు చేపలు పట్టడం మానుకుంటారు. దిగిన ప్రతి డైవర్ దగ్గరా కొంత రుసుము వసూలు చేసి కంపెనీ నేరుగా ఆ ఊళ్ళకి ఇస్తుంది. ఊరి కుర్రాళ్ళకి డైవింగ్ నేర్పి పనిలో పెట్టుకుంటుంది. కొన్నేళ్ళలోనే అక్కడ బుల్ షార్కులతో పాటు దిబ్బ మీది మిగతా చేపలూ పెరిగాయి. ఫిజీయన్ల పాత నమ్మకాల్లో దకువంగా అనే సొర దేవుడు ఉండటం కూడా ఒప్పందానికి ఎంతో కొంత కలిసొచ్చే ఉంటుంది.

ఇక్కడ మూడోవాడి పేరు లెక్కలోకెక్కింది. మానుకున్నవాడికే రుసుము. 108 డాలర్ల ప్రశ్నకి ఇది నేరుగా చెప్పిన జవాబు.

అయినా మొత్తం దేశం లెక్క చూస్తే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. 2010లో సొరల డైవింగ్ వల్ల ఫిజీకి వచ్చిన ఆదాయం 4.22 కోట్ల డాలర్లని ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో స్థానిక సమాజాలకి చేరింది సుమారు 40 లక్షలు. పదో వంతు కూడా కాదు. దానిలోనూ దాదాపు అంతా జీతాలే. వేట మానుకున్నందుకు ఊళ్ళకి వచ్చిన రుసుము ఒక చిన్న ముక్క. ఇంకో సంగతి. రుసుము వెళ్ళేది తరతరాల హక్కున్నవాళ్ళకి. హక్కు కాగితం లేకుండా, అనుమతి తీసుకుని ఆ నీళ్ళలో వేటాడే పేద జాలరి, ఫిజీయన్ అయినా, గిర్మిట్ కూలీల మునిమనవడైనా, ఈ ఒప్పందంలో ఎక్కడా కనిపించడు. హక్కుదారుకి పరిహారం ఇవ్వడం, నష్టపోయినవాడికి పరిహారం ఇవ్వడం ఒకటి కావు. ఈ తేడా మన దేశంలో ఇంకా బాగా కనిపిస్తుంది.

మంచి ఉద్దేశంతో మొదలై అడ్డం తిరిగిన చోటు కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఓస్లోబ్ అనే ఊరి జాలర్లు వేల్ షార్కులకి చేత్తో రొయ్య పొట్టు తినిపించి టూరిస్టులకి చూపించడం మొదలుపెట్టారు. పేరులో తిమింగలం ఉన్నా వేల్ షార్క్ సొరచేపే. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, మనిషి జోలికి రాదు. జాలర్ల బతుకు మారిపోయింది, ఎవరూ కాదనలేరు. కానీ సముద్రాలు దాటి తిరగాల్సిన ఆ చేపల్లో కొన్ని మేత కోసం అక్కడే తచ్చాడటం, పడవల్ని చూసి దగ్గరికి రావడం, ఒంటి మీద పడవ ఫ్యాన్ల గాట్లు పడటం పరిశోధకులు నమోదు చేశారు. ఇక్కడ మానుకునేవాడే లేడు. అందరూ చూపించేవాళ్ళే అయిపోయారు.

బ్యారెల్ నుంచి బిడ్డ దాకా

ఇదే వేల్ షార్క్ గుజరాత్ తీరానికీ వస్తుంది. 1990ల్లో సౌరాష్ట్ర తీరంలో దాని కాలేయపు నూనె కోసం, తర్వాత ఎగుమతి మాంసం కోసం ఏటా వందల్లో చంపేవాళ్ళు. కొక్కేనికి ఖాళీ పీపాలు కట్టి, అది లాగి లాగి అలిసిపోయేలా చేసి పట్టేవాళ్ళు కాబట్టి అక్కడ దాని పేరే బ్యారెల్. 2000లో మైక్ పాండే తీసిన షోర్స్ ఆఫ్ సైలెన్స్ అనే డాక్యుమెంటరీ ఈ ఊచకోతని దేశానికి చూపించింది. 2001లో వేల్ షార్క్‌ని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణ ఒక చేపకి రావడం మన దేశంలో అదే మొదలు.

చట్టం అయితే వచ్చింది, వలలో పడ్డ చేపకి ఆ సంగతి తెలియదు కదా. వేరే చేపలకి వేసిన వలలో పది టన్నుల జీవి చిక్కుకుంటే, వల కోస్తే తప్ప అది బతకదు. వల అంటే జాలరి ఆస్తి. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి ఒక ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపు దానికి ముందు నిలబడ్డారు. ఆయన డాలర్ల లెక్క చెప్పలేదు. ఈ చేప పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ, పుట్టింటికొచ్చిన బిడ్డని ఎవరైనా చంపుకుంటారా అన్నారు. దాని పేరు వ్హాలీ అయింది, అంటే ముద్దుబిడ్డ అని. పీపా పేరున్న చేప బిడ్డ అయిపోయింది. కోసిన వలకి 25 వేల రూపాయల దాకా పరిహారం ఇచ్చే పద్ధతి కూడా తోడైంది. ఆ తర్వాత వందల వేల్ షార్కుల్ని జాలర్లే తమ వలలు కోసి వదిలేశారు.

ఇందులో టూరిస్టు ఎక్కడా లేడు. బోను లేదు, టికెట్ లేదు. మాట ఉంది, కొంత పరిహారం ఉంది. ప్రపంచంలో సొరల సంరక్షణ కథల్లో గట్టిగా నిలబడ్డవాటిలో ఒకటి, అసలు ఎవరూ చూడటానికి రాని చోట జరిగింది.

అయితే వల కోసే చెయ్యి ఎవరిది? వెరావల్ రేవులో పడవల మీద పనిచేసే కలాసీల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్ళినవాళ్ళు వేలమంది ఉన్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకెళ్ళిన మన జాలర్లు వాళ్ళే. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. తండేల్ సినిమా వల్ల వాళ్ళ కథ ఇప్పుడు అందరికీ తెలుసు. వల యజమానిది, పరిహారమూ వలకే. నడిరాత్రి నీళ్ళలో ఆ బరువుతో పెనుగులాడి వల కోసిన కలాసీ శ్రమకి ఆ పద్ధతిలో విడిగా లెక్క లేదు. వ్హాలీ అన్న మాట కూడా అతని భాషది కాదు. ఫిజీలో హక్కు కాగితం లేని జాలరి ఎక్కడ నిలబడ్డాడో, మన కలాసీ కూడా అక్కడే నిలబడ్డాడు.

మన తీరానికొస్తే టికెట్ వాదం ఇంకా పలచబడుతుంది. విశాఖ, కాకినాడ వైపు సొర పుట్టు ఇష్టంగా తింటారు. బాలింతకి పాలు పడతాయని పాలసొర వండిపెడతారు. 2013లో రెక్కలు కోసి సొరని వదిలేయడం మన దేశంలో నిషేధించారు, 2015లో రెక్కల ఎగుమతీ ఆపేశారు. అవి మంచి పనులే. కానీ మన వలల్లో పడే సొరల్లో చాలా భాగం ఏ రెక్కల సూప్‌కీ వెళ్ళదు, మన పళ్ళెంలోకే వస్తుంది. మూరెడు పాలసొరని చూడటానికి బోనెక్కి ఎవరూ దిగరు. అందంగా, భారీగా, భయంగా కనిపించే జంతువుకే టూరిజం విలువ కట్టగలదు. చిన్నదీ, రంగు లేనిదీ, బురదనీళ్ళలో బతికేదీ అయితే దాని సంగతి దానిదే.

అలాగని మన తీరంలో మానుకునేవాళ్ళు లేరని కాదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒక వేల్ షార్క్ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అటవీశాఖవాళ్ళు, జాలర్లు, వన్యప్రాణి కార్యకర్తలు కలిసి దాన్ని మళ్ళీ లోతు నీళ్ళలోకి తోసి పంపించారు. డబ్బు లెక్క అక్కడా ఎవరికీ గుర్తు రాలేదు.

వీరాపురం చింతచెట్లు

ఇక మా జిల్లా. శ్రీ సత్యసాయి జిల్లా దక్షిణపు కొసన, చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. లేపాక్షికి దగ్గరే. ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ళ కొంగలు వందల్లో వచ్చి ఊళ్ళో ఇళ్ళ మధ్యనున్న చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. పసుప్పచ్చ ముక్కు, రెక్కల చివర గులాబీ రంగు. పిల్లలు ఎగరడం నేర్చాక, ఆగస్టు వచ్చేసరికి వెళ్ళిపోతాయి. ఈ నెలల్లో ఊళ్ళో టపాసులు కాల్చరు, ఆ చెట్ల జోలికి పోరు. కొంగలొస్తే వానలొస్తాయని నమ్మకం. ఊరివాళ్ళు వాటి గురించి చెప్పే మాట ఏమిటో తెలుసా? పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు.

సౌరాష్ట్ర సముద్రంలో చేపకి, రాయలసీమ కరువు నేలలో కొంగకి ఒకే మాట దొరికింది. మొరారి బాపు ఆ పోలికని ఎక్కణ్ణుంచో కొత్తగా తేలేదు. ఈ దేశంలో జనం దగ్గర ఎప్పటినుంచో ఉన్న మాటనే సముద్రం మీదికి తీసుకెళ్ళారు. మన ఇళ్ళల్లో పుట్టింటికొచ్చిన కూతురు లాభం కాదు, ఖర్చు. అయినా పంపించెయ్యరు. ఆ మాటలోనే ఖర్చు ఒప్పుకోవడం ఉంది. 19 లక్షల డాలర్ల మాటలో లేనిది అదే.

వీరాపురానికి చూడటానికి వచ్చేవాళ్ళు ఉన్నారు. బెంగళూరు నుంచి కెమెరాలు పట్టుకుని వచ్చి ఫొటోలు తీసుకుని వెళతారు. పేపర్లలో ఏటా సైబీరియా పక్షులొచ్చాయని వార్త వస్తుంది. నిజానికి ఎర్రకాళ్ళ కొంగకి సైబీరియాతో సంబంధం లేదు. అది దక్షిణాసియా పక్షి, నీళ్ళని బట్టి దగ్గర ప్రాంతాల మధ్యే తిరుగుతుంది. సైబీరియా కొంగ వేరే జాతి. మన దేశంలో భరత్‌పూర్‌లో అది చివరిసారి కనిపించి ఇరవై ఏళ్ళు దాటింది. చూసేవాడికి పక్షి దూరం నుంచి వస్తేనే గొప్ప. ఊరివాళ్ళకి మాత్రం అది ఇంటిపిల్ల. పక్క చెరువులో చేపలుంటే ఉంటుంది, చెరువెండితే రాదు.

అసలు ఇబ్బంది ఇక్కడే. చింతకాయలు దులిపే కాలం, కొంగలు గూళ్ళు కట్టే కాలం ఒకటే. చింతపండు ఈ నేలలో చిన్న ఆదాయమేమీ కాదు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది అదే దిక్కు. గూళ్ళున్న చెట్టుని వదిలేయడమంటే ఆ ఏడాది చింతపండు వదిలేయడం. ఇదే లెక్కని కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరులో ముందే వేశారు. 1976లో అక్కడి అటవీశాఖ గూళ్ళున్న చింతచెట్ల యజమానులకి పంట నష్టం కింద డబ్బివ్వడం మొదలుపెట్టింది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించారు. ఎంతమంది చూడటానికి వచ్చారన్నది కాకుండా ఎన్ని చెట్లు వదిలేశారన్నది చూసి డబ్బు ఇవ్వడం. ఫిజీలో షార్క్ రీఫ్ ఒప్పందానికి 28 ఏళ్ళ ముందు, మైసూరు పక్కన ఒక పల్లెలో ఈ పని జరిగింది.

ఖర్చుని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి సీమలోనే ఒక ఉదాహరణ ఉంది. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు గడ్డిభూముల్లో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. రక్షణ దొరికేసరికి కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. నష్టం రైతులది, పేరు అభయారణ్యానిది. మొదట్లో పిట్టని చూసి సంబరపడిన ఊళ్ళు తర్వాత అభయారణ్యం అంటేనే మొహం చిట్లించాయి. చుట్టూ భూముల వాడకమూ మారిపోయింది. చివరికి బట్టమేక పిట్టే కనపడకుండా పోయింది. బంధుత్వానికి కూడా ఓర్పు అంటూ ఒకటుంటుంది. ఖర్చంతా పుట్టింటివాళ్ళ మీదే ఎన్నాళ్ళని వేస్తాం?

గొట్టం ఎటు పోతుంది

పుట్టపర్తిలో పెరిగినవాళ్ళకి ఇందులో చివరి ముక్క బాగా తెలుసు. వచ్చేవాళ్ళ మీద బతికిన ఊరు ఇది. 1950లో ప్రశాంతి నిలయం కట్టినప్పటినుంచీ అద్దె గదులు, హోటళ్ళు, బట్టల అంగళ్ళు, ఆటోలు, 1990 నాటికి విమానాశ్రయం అన్నీ వాళ్ళ కోసమే పెరిగాయి. 2011లో సత్యసాయిబాబా మరణం తర్వాత వచ్చేవాళ్ళు తగ్గారు. 2020లో కరోనాకి మొత్తమే ఆగిపోయారు. ఆ ఏడాదే ప్రపంచంలోని డైవింగ్ పడవలూ ఒడ్డున కూర్చున్నాయి. దక్షిణాఫ్రికాలో గాన్స్‌బాయి అనే ఊరికి ఇంకో రకం దెబ్బ తగిలింది. గ్రేట్ వైట్ సొరల రాజధానిగా పేరున్న ఆ ఊళ్ళో, 2017లో ఓర్కాలు వచ్చి సొరల్ని చంపడం మొదలుపెట్టాక మిగతావి ఆ నీళ్ళు వదిలి వెళ్ళిపోయాయి. టూరిస్టులు ఉన్నారు, చూపించడానికే ఏమీ లేదు. వచ్చేవాళ్ళ డబ్బు వానలాంటిది. పడితే పంట. దాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అనంతపురం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఆ డబ్బు ఇంకో రకంగా కూడా వాడారు ఇక్కడ. 1995-96లో సత్యసాయి ట్రస్టు అనంతపురం జిల్లాలో 700కి పైగా ఊళ్ళకి తాగునీళ్ళ గొట్టాలు వేయించింది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగుతున్న పల్లెలవి. అందులో చాలా ఊళ్ళు ఒక్క గది కూడా అద్దెకిచ్చినవి కావు, ఒక్క యాత్రికుడి మొహం చూసినవీ కావు. డబ్బు వచ్చింది కౌంటరున్న చోటికి, వెళ్ళింది దాహమున్న చోటికి. ఆ రెండు చోట్ల మధ్య గొట్టం వేయాలని ఎవరో నిర్ణయించబట్టే అది జరిగింది. దానంతటది జరిగేది కాదు.

సొరల టూరిజం గురించి కూడా ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. టికెట్ సొరని కాపాడుతుందా అన్నది సగం ప్రశ్నే. టికెట్ డబ్బు మానుకున్నవాడి దాకా వెళ్ళే గొట్టం ఉందా అన్నది మిగతా సగం. ఫిజీలో షార్క్ రీఫ్ దగ్గర ఉంది, సన్నగానైనా. ఓస్లోబ్‌లో డబ్బు జాలర్లకే చేరింది, కానీ ఏదో ఒకటి మానుకోవాలన్న షరతే లేదు. గుజరాత్‌లో టికెట్ లేకుండానే పరిహారం వచ్చింది, కలాసీ దగ్గరికి రాకముందే ఆగిపోయింది. మాట కూడా కావాలి, ఎందుకంటే డబ్బు ఆగిపోయిన ఏడాది జంతువుని నిలబెట్టేది అదే. డబ్బూ కావాలి, ఎందుకంటే మాట ఇచ్చినవాడు పేదవాడు.

వచ్చే ఫిబ్రవరిలో వీరాపురం వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. లేపాక్షి చూసి అటు పోవచ్చు. కొంగల్ని చూశాక, ఆ చెట్టు ఎవరిదో కూడా ఒకసారి కనుక్కోండి. ఈ ఏడు దాని చింతపండు ఎంత పోయిందో అడగండి.